రెండవ డ్రైవు - మొదటి తాళంచెవి

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్టు సాధారణ మద్దతు ముగిసినది. విండోస్ 11కు తగని పాత కంప్యూటర్లు గల సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ విద్యార్థులు రెండవ డ్రైవు కొని, అందులో లినక్సును స్థాపింపవచ్చునాయని మమ్ము అడుగుచున్నారు. నిస్సంశయముగా వచ్చును. చిక్కు పిమ్మట వచ్చును. పాత డ్రైవును తీసివేసి మీట నొక్కగానే, బూటు చేయదగిన పరికరము లేదని తెరపై కనబడును.

కొత్త డ్రైవు చెడలేదు. యూఈఎఫ్ఐ పద్ధతిలో యంత్రము మొదట వెదకునది ఈఎఫ్ఐ విభాగమను చిన్న భాగమును. ఉబుంటు వంటివానిని స్థాపించునప్పుడు, మనము రెండవ డ్రైవును ఎన్నుకొన్నను, బూటు లోడరు పలుమారులు మొదటి డ్రైవులోని ఆ విభాగమునకే చేరును. కోదాడలో ఇల్లు కట్టి తాళంచెవిని సూర్యాపేటలో మరచినట్లు!

ఇచ్చట తొందరపడి పాత డ్రైవును చెరిపివేయరాదు. మేమట్లు చేసియే మూడేండ్ల ఉర్దూ, తెలుగు ప్రశ్నపత్రములను పోగొట్టుకొంటిమి. దానిని మరల తగిలించి చూడవలెను. లినక్సు తెరచుకొన్నచో కారణము తేలినట్లే. అటుపిమ్మట స్థాపనకు వాడిన పెన్‌డ్రైవుతో బూటు చేసి, కొత్త డ్రైవులో ఈఎఫ్ఐ విభాగము నేర్పరచి, గ్రబ్‌ను అందు తిరిగి స్థాపింపవలెను. పెన్‌డ్రైవును సైతము యూఈఎఫ్ఐ పద్ధతిలోనే తెరువవలెను. లెగసీలో తెరచినచో శ్రమ వృథా.

ఇంకను మొదలిడని వారికి సులభమార్గము కలదు: విద్యుత్తు ఆపి, స్థాపనకు ముందే పాత డ్రైవు తీగను ఊడదీయుట.