యంత్రం పంపిన మెయిలు స్పామ్‌లోకి ఎందుకు పోతుంది?

సింగపూర్‌లో ఒక తెలుగు సంఘం ఉగాది వేడుకకు వెబ్‌సైటులో పేరు నమోదు చేసుకున్నారనుకోండి. "టిక్కెట్టు మీ మెయిలుకు పంపాం" అని తెర మీద కనిపిస్తుంది. ఇన్‌బాక్సులో మాత్రం ఏమీ ఉండదు. పండగ అయిపోయాక చూస్తే అది స్పామ్ ఫోల్డరులో, లాటరీ మెయిళ్ళ మధ్య ఉంటుంది. అందులో అనుమానించాల్సిన మాట ఒక్కటీ లేదే!

"ఉచితం" లాంటి పదాల వల్ల ఇలా జరుగుతుందని చాలామంది అనుకుంటారు. ఆ లెక్కా ఉంది కానీ, వడపోత ముందు చూసేది వేరు: ఇది నిజంగా ఆ పేరు గలవాళ్ళే పంపారా? మెయిళ్ళు మోసే ఎస్ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. పోస్టు కవరు మీద పంపినవారి పేరు ఎవరిదైనా రాసెయ్యొచ్చు కదా, ఇదీ అంతే. ఆ లోటు తీర్చడానికి తర్వాత మూడు ఏర్పాట్లు వచ్చాయి. మా డొమైను పేరుతో మెయిలు పంపే హక్కున్న సర్వర్లు ఇవీ అని డీఎన్ఎస్‌లో పెట్టే జాబితా ఎస్పీఎఫ్. మెయిలు మీద వేసే డిజిటల్ సంతకం డీకిమ్. ఈ రెంటిలో ఒకటైనా నెగ్గి, 'ఫ్రమ్'లో కనిపించే డొమైనుతో సరిపోవాలి. సరిపోకపోతే ఏం చెయ్యాలో చెప్పేది డీమార్క్.

చిన్న సంస్థలు దొరికిపోయేది ఇక్కడే. నేను తరచూ చూసే తంతు "సంప్రదించండి" ఫారం. చూడవచ్చిన మనిషి తన యాహూ చిరునామా ఇస్తాడు, ప్రోగ్రాము దాన్నే 'ఫ్రమ్'లో పెట్టి పంపేస్తుంది. యాహూ పేరుతో వచ్చి పరీక్ష తప్పిన మెయిళ్ళను తిప్పికొట్టమని ఆ సంస్థ 2014 ఏప్రిల్‌లోనే ప్రకటించింది. ఇంకేముంది, గోడకు కొట్టిన బంతి! 'ఫ్రమ్'లో మీ సొంత డొమైను, 'రిప్లై-టు'లో ఆయన చిరునామా పెడితే సరిపోతుంది.

చౌక హోస్టింగులో ఇంకో తిప్పలు. ఒకే ఐపీ చిరునామాను వందలమంది పంచుకుంటారు. అందులో ఒకడు చెత్త పంపితే మీకూ మచ్చే.

సింగపూర్‌లో ఈ తర్కం ఎస్ఎంఎస్‌ల ద్వారా అందరికీ పరిచయమే. 2021 డిసెంబరులో ఓసీబీసీ బ్యాంకు పేరుతో మోసగాళ్ళు పంపిన సందేశాలు బ్యాంకు అసలు సందేశాల వరసలోనే కనిపించాయి. సుమారు 790 మంది నష్టపోయారు. 2023 జనవరి 31 నుంచి నమోదు కాని పేరుతో వచ్చే ఎస్ఎంఎస్ మీద "లైక్లీ స్కామ్" అని పడుతుంది, పంపింది నిజాయితీగల దుకాణమైనా సరే.

ఇక్కడి 2007 నాటి స్పామ్ నియంత్రణ చట్టం అడగని వ్యాపార సందేశాల గురించినది; మీరు అడిగి తెప్పించుకున్న టిక్కెట్టు దానికిందకు రాదు. వడపోతకు ఆ తేడా పట్టదు. జనం "స్పామ్" బొత్తాం నొక్కితే మాత్రం పడుతుంది. రోజుకు 5000 పైన పంపేవాళ్ళపై అలాంటి ఫిర్యాదులు 0.3 శాతానికి చేరకూడదని 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్ నియమం. అంటే వెయ్యికి ముగ్గురు.

మీ సైటు నుంచి మీ జీమెయిల్‌కే ఒక మెయిలు పంపించుకుని, "షో ఒరిజినల్" నొక్కి చూడండి. మూడు పరీక్షల ఫలితాలూ పైనే ఉంటాయి.