ఒకే నమూనాతో ఉపకుటుంబ నిర్ధారణ: మార్షియాలిస్ హ్యూరెకా చీమ

చీమల వర్గీకరణలో వీలైనంతవరకు అనేక శ్రామిక చీమలను పోల్చి జాతి లక్షణాలను నిర్ధారిస్తారు. బ్రెజిల్‌లోని మనౌస్ పరిసర వర్షారణ్యంలో ఆ అవకాశం లభించలేదు. 1998లో మట్టి నమూనాలలో కనిపించిన రెండు చీమలు వర్ణనకు ముందే చేజారాయి. 2003 మే నెలలో క్రిస్టియన్ రాబెలింగ్‌కు రాలిన ఆకుల పొరపై ఒకే ఒక్క శ్రామిక చీమ దొరికింది.

దాని పొడవు 2-3 మి.మీ. మాత్రమే. రంగు లేత, కళ్లు లేవు, దవడలు పట్టకారువలె పొడవైనవి. అయితే లేత రంగు, కళ్లు లేకపోవడం భూగర్భ జీవనానికి అనుకూలనాలు; దూరపు వంశాలలోనూ ఇవి వేర్వేరుగా ఏర్పడతాయి. కనుక వీటి ఆధారంగానే బంధుత్వాన్ని నిర్ణయించరాదు. అందుచేత ఒక ముందు కాలి నుంచి మాత్రమే డి.ఎన్.ఎ. సేకరించి, తక్కిన దేహాన్ని మూల నమూనాగా భద్రపరిచారు.

స్వరూప, జన్యు ఆధారాలు రెండూ కలిసిన మీదట 2008లో రాబెలింగ్, బ్రౌన్, వెర్హాగ్ దీనిని మార్షియాలినే అనే కొత్త ఉపకుటుంబంగా ప్రకటించారు. సజీవ చీమలలో 1923 తరువాత కనుగొన్న తొలి కొత్త ఉపకుటుంబం ఇదే. మిగిలిన సజీవ చీమలన్నిటికీ ఇది సోదర వంశమని తొలి విశ్లేషణ సూచించింది; తరువాతి విశ్లేషణలలో కొన్ని దీనిని లెప్టానిల్లినే ఉపకుటుంబానికి దగ్గరగా చేర్చాయి.

వర్గీకరణ మారవచ్చు, పునఃపరీక్షకు నమూనా మిగలాలి. కనుక ఆకుచెత్త నుంచి సేకరించిన చీమలను 95 శాతం ఇథనాల్‌లో ఉంచి, స్థలం, తేదీ, సేకరణ పద్ధతి తెలిపే చీటీని వెంటనే జతచేయాలి. ఒకే నమూనా ఉన్నప్పుడు దేహమంతటినీ డి.ఎన్.ఎ. పరీక్షకు వినియోగించరాదు.