మన కడలి చేపల తొలి సంగ్రహాలయం

సంగ్రహాలయమనగానే మనకు అద్దపు బీరువాలు, సీసాలలో భద్రపరచిన జీవకళేబరాలు స్ఫురిస్తాయి. మన ఉత్తరాంధ్ర తీరపు మత్స్యజాతులకు తొలి సంగ్రహాలయమని చెప్పదగినది మాత్రం ఒక గ్రంథం.

దాని కర్త ప్యాట్రిక్ రస్సెల్ (1727-1805) స్కాట్లండుకు చెందిన వైద్యుడు. మన ఉర్దూ గ్రంథాలు హలబ్ అని పిలిచే అలెప్పో నగరంలో ఆయన చిరకాలం వైద్యం చేశాడు. 1781లో భారతదేశానికి వచ్చి, 1785లో ఈస్టిండియా కంపెనీకి ప్రకృతి శాస్త్రజ్ఞుడయ్యాడు. రక్తపింజరకు ఆంగ్లంలో గల పేరు ఆయనదే. విశాఖపట్నంలో సేకరించిన రెండు వందల చేపల వర్ణనలు, చిత్రాలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడినవి.

చిత్రాలే ఎందుకు? ఉష్ణదేశంలో చేప పూటలోనే చెడిపోతుంది. నేడు వాడే ఫార్మలిన్ నాటికి లేదు. కావున రేవులో చేపను చూచి గీసిన బొమ్మయే శాశ్వతమైన నమూనా.

అంతకన్న విలువైనవి పేర్లు. జాలరుల నోటి తెలుగు పేర్లనే రస్సెల్ ఆంగ్ల లిపిలో వ్రాసుకొన్నాడు. 'పాలసొర'ను శాస్త్రజ్ఞులు కొంతకాలం స్కోలియోడాన్ పాలసొర్రా అన్నారు. నేడు రైజోప్రయొనొడాన్ అక్యూటస్ అంటున్నారు. శాస్త్రనామం మారినది; రేవులో పాలసొర పాలసొరగానే ఉన్నది. 1982లో దత్, సుజాత అను శాస్త్రజ్ఞులు ఒక కొత్త జాతికి సిలాగో సొరింగా అని పేరిడగా, జాలరి మాట మరల శాస్త్రంలో చేరినది. డెకాప్టెరస్ రస్సెల్లి, లుట్జానస్ రస్సెల్లి అను చేపలు రస్సెల్ పేరును మోస్తున్నవి. ఆయనకు పేర్లు చెప్పిన జాలరుల రుణం మాత్రం తీరలేదు.

ఆ రుణం తీర్చవలసినవారు విద్యార్థులే. కళింగపట్నం, భావనపాడు, చింతపల్లి రేవులకు వెళ్ళినప్పుడు దొరికిన ప్రతి చేపకూ స్థలం, తేది, నీటిలోతు, వల రకం, ముఖ్యంగా అక్కడి పేరు చీటీపై వ్రాయండి. చీటీ లేని నమూనా సీసాలోని మాంసఖండమే గాని శాస్త్రం కాదు. కళాశాల కమిటీవారు ఒక్క బీరువా సమకూర్చినచో, అది మన సంగ్రహాలయానికి ప్రారంభం కాగలదు. అయితే బీరువా కొరకు ఆగవలదు. చేప రేపైనా దొరకవచ్చును. దాని పేరు తెలిసిన వృద్ధుడు రేపు ఉండకపోవచ్చును. ముందుగా పేరు వ్రాసికొనండి.