నోట పలుకు రాని బిడ్డకు బొమ్మల పలక

నోట పలుకు రానంతమాత్రమున బిడ్డకు చెప్పవలసిన దేమియు లేదని తలపరాదు. మస్తిష్క పక్షవాతము వలననో, ఆటిజము వలననో కొందఱు పిల్లలకు మాట వెలువడదు. వారిలో పెక్కండ్రు మన మాటలు విని గ్రహింతురు. బదులు చెప్పుటకు దారి లేకయుందురు. కడుపునొప్పి యని చెప్పుకొనలేని బిడ్డ ఏడ్చును, కఱచును, వస్తువులు విసరును. చూచువారు దానిని మొండితన మందురు.

ఇట్టి పిల్లలకు బొమ్మలే మాటలు కాగలవు. 1971లో కెనడా దేశమందలి టొరాంటో నగరమున షర్లీ మెక్‌నాటన్ అను ఉపాధ్యాయిని, చార్లెస్ బ్లిస్ కల్పించిన గుర్తులను ఇట్టి పిల్లల యెదుట నుంచి, వానిని చూపి భావము తెలుపుట నేర్పెను. మన దేశమున చెన్నపట్టణమందు అజిత్ నారాయణన్ నిర్మించిన ‘ఆవాజ్’ అను సాధనము 2010లో వెలువడెను. అందలి బొమ్మను తాకినచో మాట వినబడును.

అట్టిది కొన శక్తి లేనివారు నిరాశపడ నక్కఱలేదు. కొడిమ్యాలలో ఏ యింటనైనను ఒక అట్టముక్క దొరకును. అమ్మ, బాపు, నీళ్లు, బువ్వ, నొప్పి, ఆట, ఇంకా అను వానికి బొమ్మలు గీసి, క్రింద పేర్లు వ్రాసి, దానిపై అంటింపవలెను. ‘వద్దు’ అను మాటను మఱవరాదు. అడుగుటకే గాని కాదనుటకు వీలులేని బిడ్డకు స్వాతంత్ర్యము లేదు. మందు త్రాగక తప్పనప్పుడైనను, “నీవు వద్దంటివి, మేము వింటిమి” అని బదులు చెప్పవలెను.

పలకను చేసి గోడకు తగిలించినచో ఫలము లేదు. పెద్దలు తాము మాటలాడునపుడు ఆ బొమ్మలనే చూపుచుండవలెను. శిశువు ముందు విని గదా పిమ్మట పలుకును. ప్రశ్న అడిగి, మనస్సులో పది లెక్కించునంతసేపు ఓర్పుతో వేచియుండవలెను. శిక్షగా పలకను దాచుట బిడ్డ నోరు మూయుటతో సమానము.

బొమ్మల కలవాటు పడిన బిడ్డ ఇక మాటలాడదేమో యని తల్లిదండ్రులు భయపడుదురు. 2006లో మిల్లర్, లైట్, ష్లాసర్ అను పరిశోధకులు, గట్టి సాక్ష్యము గల 27 మంది విషయమును పరిశీలించిరి. వారిలో ఒక్కరికైనను మాట తగ్గలేదు. 24 మందికి కొంత పెరిగెను.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము, పాఠశాలలలో ఇట్టి పద్ధతులను ప్రోత్సహింపవలెనని విధించుచున్నది. కావున విద్యార్థులారా, మీ తరగతిలో అట్టి తోడి విద్యార్థి యున్నచో, అతని బదులు మీరు మాటలాడకుడు. పలకను అతని చేతి కందునట్లుంచి, ప్రక్కన కూర్చుండి, అతడేమి చూపునో చూడుడు.