కిరణం మార్పునిస్తుంది, ఎంపిక మనదే

వరి, వేరుశనగ వంగడాల మధ్యే నా ఉద్యోగ జీవితమంతా గడిచింది. జన్యువులను మార్చి కొత్త వంగడాలు తీసే మ్యుటేషన్ బ్రీడింగ్‌లోకి కొత్తగా వస్తున్న పిల్లలకు చెప్పాల్సినవి ఇవి.

1. కిరణానికి కళ్లుండవు. 1927లో ముల్లర్ పండ్ల ఈగల మీద, 1928లో స్టాడ్లర్ బార్లీ మీద ఎక్స్-కిరణాలు ప్రయోగించి జన్యువులను మార్చవచ్చని నిరూపించారు. ఏ జన్యువు మారుతుందో మాత్రం మన చేతిలో లేదు. కోరుకున్న మార్పు వేల మొక్కల్లో ఒకదానికి రావచ్చు. విత్తనం దగ్గర పిసినారితనం పనికిరాదు.

2. మోతాదు ముందే తేల్చుకోండి. వరికి గామా కిరణాలు 200–300 గ్రే దరిదాపుల్లో వాడతారు. రకాన్ని బట్టి, గింజలో తేమను బట్టి ఆ లెక్క మారుతుంది. ముందు కొద్ది విత్తనాన్ని మొలకెత్తించి, నారు ఎంత కురచబడిందో స్కేలు పెట్టి కొలవండి.

3. మొదటి తరంలో ఎంపిక వద్దు. అప్పుడు కనిపించే కురచదనం, తాలు చాలావరకు కిరణం దెబ్బే. అసలు మార్పులు ఎక్కువగా రెండో తరంలోనే బయటపడతాయి. ప్రతి మొక్క ప్రధాన వెన్నునూ విడిగా కోసి, నంబరు వేసి, ఒక్కో వెన్నును ఒక్కో వరుసగా వేయండి.

4. తెల్ల మొలకలను లెక్కపెట్టండి. రెండో తరం నారుమడిలో పచ్చటి వరుసల మధ్య అక్కడక్కడా పాలలాంటి మొలకలు లేస్తాయి. పత్రహరితం లేదు కనుక గింజలో ఉన్న తిండి అయిపోగానే చచ్చిపోతాయి. దిగులుపడకండి, కిరణం పనిచేసిందనడానికి అవే సాక్ష్యం.

5. రసాయనంతో జాగ్రత్త. కిరణానికి బదులు ఈఎంఎస్ అనే రసాయనంతోనూ జన్యువులను మార్చవచ్చు. హైదరాబాదు శాస్త్రవేత్తలు సాంబ మసూరి వరిలో మ్యుటెంట్లను (జన్యువు మారిన మొక్కలను) దానితోనే తయారుచేశారు. దానికి పెద్ద యంత్రం అక్కర్లేదు, కానీ అది క్యాన్సర్ కారకం. గ్లవ్స్, ఫ్యూమ్‌హుడ్ లేకుండా సీసా మూత తీయకండి. మిగిలిన ద్రావణాన్ని సోడియం థయోసల్ఫేట్ కలిపి నిర్వీర్యం చేయకుండా పారబోయకండి.

6. మ్యుటెంట్ దొరికితే సగం పనే అయినట్టు. మంచి మార్పు వెంట అక్కర్లేనివీ వస్తాయి. తల్లి రకంతో మళ్లీ మళ్లీ సంకరం చేసి వాటిని వదిలించుకోవాలి. మ్యుటెంట్లను తల్లిదండ్రులుగానూ వాడుకోవచ్చు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) నుంచి 1991లో వచ్చిన టాగ్-24 వేరుశనగ అలా పుట్టిందే.

7. చివరి తీర్పు రైతుది, వండుకునేవాళ్లది. దిగుబడి ఎంత పెరిగినా సన్నగింజ పోయిన సాంబ మసూరిని మన ఇళ్లలో వండరు. గామా కిరణాలు తగిలినంత మాత్రాన విత్తనానికి రేడియోధార్మికత అంటదని అడిగిన ప్రతివారికీ ఓపికగా చెప్పండి. తినేవాళ్ల అనుమానం తీర్చడం కూడా మన వృత్తిలో భాగమే.