కరెంటు పెట్టాక గడ్డ ఫోటో ఎందుకు మారుతుంది?

పెనుకొండ, హిందూపురం వైపు క్యాన్సర్ అని తేలితే చాలామంది రైలో బస్సో ఎక్కి బెంగళూరు కిద్వాయి ఆసుపత్రికి వెళతారు. 1973 నుంచి ఉన్న ఆసుపత్రి అది. మలాశయంలో గడ్డ ఉన్నవారికి వైద్యం మొదలుకాక ముందే ఒకసారి ఎమ్మారై తీస్తారు. అందులో కొవ్వు తెల్లగా, పేగు కండరం నల్లగా, గడ్డ ఆ రెంటికీ మధ్య బూడిద రంగులో ఉంటుంది. చుట్టూ ఉన్న కొవ్వుకు బయట ఒక పల్చటి పొర ఉంటుంది. గడ్డకూ ఆ పొరకూ ఎడం ఒక్క మిల్లీమీటరుకు మించి ఉందా లేదా అన్నది డాక్టర్లు ముఖ్యంగా చూస్తారు.

తర్వాత అవసరమైనవారికి కరెంటు, అంటే రేడియేషన్. వారానికి 5 రోజుల చొప్పున 25 నుంచి 28 సార్లు పెడతారు, దానితోపాటు కీమో మాత్రలు. గడ్డలోని కణాలు చచ్చినచోట మచ్చ కడుతుంది. మచ్చలో నీరు తక్కువ కాబట్టి ఫోటోలో అది నల్లటి పట్టీలా పడుతుంది. అంటే బూడిద రంగు నలుపుకు తిరిగితే మంచి గుర్తే. కొందరిలో గడ్డ కరిగి జిగురు గుంటలు మిగులుతాయి. అవి తెల్లగా మెరిసి ఇంటివాళ్లను హడలగొడతాయి గానీ, ఆ జిగురులో బతికున్న కణం ఒక్కటీ లేకపోవచ్చు.

ఇక ఆగాలి. చాలామందికి ఓపిక చాలనిది ఇక్కడే. కరెంటు ప్రభావానికి పేగు గోడ వాచి ఉంటుంది, గడ్డ ఇంకా కరుగుతూనే ఉంటుంది. కరెంటు ముగిసిన వారమే ఫోటో తీస్తే వైద్యం పనిచేయలేదనిపిస్తుంది. అందుకే 6 నుంచి 12 వారాల తర్వాత రమ్మంటారు.

రెండో ఎమ్మారైలో నీటి కదలికను పట్టే ఫోటో కూడా తీస్తారు. బతికిన కణాలు కిక్కిరిసి ఉన్నచోట నీరు కదల్లేదు, అక్కడ వెలుగు కనబడుతుంది. అదే చోటు, ఈ ఫోటోకు జోడుగా తయారయ్యే మరో పటంలో నల్లగా ఉంటేనే అనుమానించాలి. రెండింటిలోనూ వెలుగుంటే అది ఉత్త నీటి మాయ. పేగులో గాలి ఉన్నా ఈ ఫోటో చెడుతుంది, అందుకే కొన్నిచోట్ల ముందు చిన్న ఎనిమా ఇస్తారు.

పాత ఫోటో, కొత్త ఫోటో పక్కపక్కన పెట్టి, గడ్డ ఎంత తగ్గిందో 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. 1 అంటే గడ్డ జాడ లేదు, 5 అంటే వైద్యానికి లొంగలేదు. అయినా మచ్చలో దాగిన నాలుగు కణాలను ఏ యంత్రమూ చూపలేదు. అందుకే వేలితో పరీక్ష, కెమెరా పరీక్ష కూడా తప్పవు. మూడింటిలోనూ ఏమీ లేదని తేలితే, కొందరికి ఆపరేషన్ చేయకుండా గట్టి నిఘాలో ఉంచుతారు. బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హాబర్-గామా 2004లో తన రోగుల ఫలితాలు ప్రచురించాకే ఈ పద్ధతిపై ప్రపంచం దృష్టి పడింది. మలాశయానికి పైనున్న పెద్దపేగు గడ్డలకు మాత్రం ఈ లెక్క వర్తించదు, వాటికి సాధారణంగా ముందే ఆపరేషన్.

కాబట్టి బండెక్కేటప్పుడు మొదటి స్కాన్ ఫిల్ములు, సీడీ మరవకండి. చివరి కరెంటు పెట్టిన తేదీ ఫైలు అట్టమీద రాసుకోండి.