రాత్రే కదా అని దాచకండి

చెల్లెమ్మలూ, ఈసారి ముచ్చట కాస్త బరువైనదే, అయినా మాట్లాడుకుందాం. ఫిట్స్ పగటిపూట నలుగురిలో వస్తే దాచడం ఎవరి తరమూ కాదు. నిద్రలో మాత్రమే వచ్చేవాటిని ఎన్నేళ్ళయినా దాచేయొచ్చు. తెల్లారి లేచేసరికి తలగడ మీద చొంగ మరక, నాలుక పక్కన కొరుక్కున్న పుండు, ఒళ్ళంతా కొట్టినట్టు నొప్పులు, ఒక్కోసారి తడిసిన పక్క. అమ్మ గబగబా దుప్పటి ఉతికి ఆరేస్తుంది, పిల్ల కాలేజీకి వెళ్ళిపోతుంది. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

నన్ను బాధపెట్టేది ఇదే. ఈ జబ్బున్న చాలామందికి మున్ముందు బాగానే ఉంటుంది. దాచిపెట్టడం వల్ల బాగుపడాల్సినవాళ్ళు కూడా నలిగిపోతున్నారు.

“ఇది జన్మంతా ఉంటుందా అక్కా?” అని అడుగుతారు. ఏ రకమో తేలితే తప్ప ఎవరూ జవాబు చెప్పలేరు. చిన్నపిల్లల్లో, ఎక్కువగా నాలుగు నుంచి పదేళ్ళ మధ్య మొదలయ్యే రకం ఒకటుంది. రోలాండిక్ ఎపిలెప్సీ అంటారు. నిద్రపట్టిన కాసేపటికో, తెల్లవారుజామునో పిల్లాడి మూతి ఒక పక్కకి లాగేస్తుంది, చొంగ కారుతుంది, గొంతులో గురగుర శబ్దం వస్తుంది. చాలాసార్లు తెలివి ఉంటుంది. అమ్మ పిలుపు వినపడుతుంది కానీ నోరు పెగలదు. ఒకటి రెండు నిమిషాల్లో సర్దుకుంటుంది. చూసిన తల్లికి మాత్రం పైప్రాణాలు పైనే పోతాయి. ధైర్యంగా ఉండమ్మా, ఇది దాదాపు పిల్లలందరికీ పదహారేళ్ళు నిండేలోపు పోతుంది. ఎప్పుడో ఒకసారి వచ్చేవాళ్ళకి మందు కూడా అక్కర్లేదని డాక్టర్లు అంటుంటారు. కొందరికి ఆ కొన్నేళ్ళూ చదువు మీద గురి కుదరదు. ఆ సంగతి టీచరుకి చెప్పి ఉంచితే బిడ్డకి అనవసరపు తిట్లు తప్పుతాయి.

ఇంకో రకం మొండిది. చాలామందికి ఇరవై ఏళ్ళలోపే మొదలవుతుంది. గాఢనిద్రలో ఉన్న మనిషి ఉన్నట్టుండి లేచి కూర్చుని, కాళ్ళూ చేతులూ విసిరేసి, కేకపెట్టి, రెండు నిమిషాల్లోపే మామూలైపోతాడు. ఒకే రాత్రి నాలుగైదుసార్లు రావచ్చు. చూసినవాళ్ళు పీడకల అంటారు, గాలి సోకిందంటారు, తాయెత్తు కట్టిస్తారు. మామూలు ఈఈజీ (మెదడు తరంగాల పరీక్ష)లో ఏమీ కనపడకపోవచ్చు కూడా. అందుకే ఫోను చేతికందేచోట పెట్టుకుని, వచ్చినప్పుడు వీడియో తీయండి. మీరు గంటసేపు చెప్పినా అర్థంకానిది న్యూరాలజిస్టుకి ఆ అర నిమిషంలో అర్థమవుతుంది. పడుకునేముందు వేసుకునే కార్బమజపైన్ మాత్ర, తక్కువ మోతాదులోనే, వీళ్ళలో చాలామందికి బాగా పనిచేస్తుంది.

పని చేయడం వేరు, పూర్తిగా పోవడం వేరు. ఇటలీలో బొలోన్యా డాక్టర్లు ఈ రకం ఉన్నవాళ్ళని ఏళ్ళతరబడి గమనించి 2017లో ఆ వివరాలు ప్రచురించారు. ముప్పై ఏళ్ళు గడిచినా, వరసగా ఐదేళ్ళు ఒక్క ఫిట్టూ రాకుండా ఉండగలిగినవాళ్ళు నూటికి ముప్పైమంది కూడా లేరు. అంటే ఎక్కువమంది మాత్రతోనే సంసారం, ఉద్యోగం నడుపుకోవాలి. బీపీ, షుగరు ఉన్నవాళ్ళు నడుపుకోవడం లేదూ? మందులకి లొంగనివాళ్ళకి ఎమ్మారైలో ఒకచోట తేడా కనపడితే ఆపరేషన్ దారి కూడా ఉంది. తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రి లాంటిచోట్ల ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నారు.

రాత్రి వచ్చేవి రేపు పగలు కూడా వస్తాయా అన్నది ఇంకో భయం. ఏళ్ళ తరబడి నిద్రలోనే వచ్చినవాళ్ళలో ఎక్కువమందికి నిద్రకే పరిమితమవుతాయి. కొందరికి మాత్రం పగలూ వస్తాయి, ముఖ్యంగా మందు మానేసినప్పుడు. “ఆర్నెల్లుగా రాలేదు కదా” అని మీకు మీరే మాత్ర ఆపొద్దు, మీ కాళ్ళు పట్టుకుంటాను.

ఆపేది ఎప్పుడో తెలుసా? పెళ్ళివారంలో. మన ముహూర్తాలు అర్ధరాత్రో తెల్లవారుజామునో. నాలుగు రోజులుగా పిల్లకి కంటిమీద కునుకుండదు. మాత్రల స్ట్రిప్పు సూట్‌కేసు అడుగున, చీరల మడతల్లో ఉంటుంది. ఆడపడుచులు చూస్తారని బయటికి తీయదు. నిద్ర చాలకపోవడం, మందు తప్పడం, ఈ రెండూ కలిస్తే ఫిట్స్‌ని పిలిచినట్టే. కొత్త కాపురంలో మొదటి రాత్రుల్లోనే బయటపడితే ఆ పిల్ల పరిస్థితి ఏమిటి?

ఒకప్పుడు హిందూ వివాహ చట్టమే మూర్ఛ ఉన్నవాళ్ళ పెళ్ళికి అడ్డు చెప్పేది. 1999లో ఆ మాట చట్టంలోంచి తీసేశారు. చట్టం వదిలేసిన భయాన్ని మనమెందుకు మోయాలి? సంబంధం ఖాయం కాకముందే, అబ్బాయితో నేరుగా, డాక్టరు చీటీ చేత్తో పట్టుకుని చెప్పండి. విని వెళ్ళిపోయేవాడు ఆ రోజే వెళ్ళిపోవడం మేలు.

దాచొద్దనడానికి ఇంకో పెద్ద కారణం ఉంది. మూర్ఛ ఉన్న పెద్దవాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో ఒకరు, పిల్లల్లో 4,500 మందిలో ఒకరు, వేరే కారణమేదీ కనపడకుండా హఠాత్తుగా చనిపోతుంటారు. ఎక్కువగా నిద్రలో, బోర్లా పడి ఉన్న స్థితిలో. ఒళ్ళంతా కొట్టుకునే పెద్ద ఫిట్స్, అదీ రాత్రిపూట తరచూ వచ్చేవాళ్ళకే ముప్పు ఎక్కువ. మందు క్రమంగా వేసుకుని ఆ పెద్ద ఫిట్స్‌ని అదుపులో పెట్టడమే ప్రధానమైన రక్ష. అదే గదిలో ఇంకొకరు పడుకోవడం కూడా మేలు చేస్తుంది. సంగతి తెలిసినవాళ్ళయితే వెంటనే పక్కకి తిప్పి పడుకోబెడతారు. చేతిలో తాళాలు పెట్టరు, నోట్లో చెంచా దూర్చరు. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్సుకి ఫోన్ చేస్తారు. హాస్టల్లో ఉండే అమ్మాయైతే రూమ్మేటుకి ఈ నాలుగు ముక్కలూ నేర్పాల్సిందే.

ఇక పిల్లల సంగతి. మూర్ఛ ఉన్న ఆడవాళ్ళలో ఎక్కువమందికి పండంటి బిడ్డలే పుడతారు. కాకపోతే గర్భం రాకముందే డాక్టరుని కలవాలి. వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకి మంచిది కాదు, దాన్ని మార్చడానికి టైము కావాలి. ఫోలిక్ యాసిడ్ ముందునుంచే మొదలుపెట్టాలి. గర్భం వచ్చిందని తెలిసి కంగారుపడి మాత్రలు విసిరికొట్టడం అన్నిటికన్నా ప్రమాదం.

పురుడయ్యాక అసలు పరీక్ష నిద్రతోనే. రెండు గంటలకోసారి లేచే పసివాడితో తల్లికి నిద్రెక్కడిది? పాలు పిండి ఉంచి, రాత్రి ఒక పూట మీ ఆయన్ని పట్టమనండి. కనీసం నాలుగైదు గంటలు ఏకధాటిగా పడుకోండి. మంచం అంచున కాకుండా, నేలమీద పరుపేసుకుని, గోడకి ఆనుకుని కూర్చుని పాలివ్వండి. పెళ్ళికి ముందే అన్నీ తెలిసిన మొగుడైతే ఈ సాయం అడగడానికి మొహమాటపడక్కర్లేదు. అత్తగారికి సాకులు వెతకాల్సిన పనీ ఉండదు.